చలామణీలోకి రాని అమెరికా నమూనా నాణేలు: సేకరణ దేనితో మొదలుపెట్టాలి?

ప్రశ్న:
అమెరికా టంకశాల ప్రయోగాత్మకంగా ముద్రించిన నమూనా నాణేలను సేకరించాలనుకుంటున్నాను. 1856 నాటి ఎగిరే గద్ద సెంటుతో మొదలుపెట్టడం మంచిదేనా? నకిలీని గుర్తించడం ఎలాగో అనుభవజ్ఞులు చెప్పగలరు.

మొదటి జవాబు:
మంచిదేనండి, కానీ తొందరపడకండి. 1858 నాటి మామూలు సెంటు మీద చివరి 8ని చెక్కి 6గా మార్చి అమ్మిన మోసాలు చాలా ఉన్నాయి. భూతద్దంతో 5 అంకెను చూడండి: అసలు నాణెంలో దాని పైభాగంలోని నిలువు గీతను కిందికి పొడిగిస్తే, ఆ అంకె తోక చివరనున్న గుండు మధ్యకు చేరుతుంది.

రెండవ జవాబు:
పై సలహా సరైనదే అయినా, ఆ రూపం మరుసటి ఏడాదే చలామణీలోకి వచ్చింది కనుక మీ శీర్షికకు అది పూర్తిగా సరిపోదు. నిజంగా తిరస్కరణకు గురైనది కావాలంటే 1879, 1880 నాటి నాలుగు డాలర్ల స్టెల్లాను చూడాలి. యూరప్ బంగారు నాణేలతో మారకం సులువు కావాలని తలపెట్టిన ఈ నాణెం ముఖం మీద, 6 గ్రాముల బంగారం, 0.3 గ్రాముల వెండి, 0.7 గ్రాముల రాగి అంటూ లోహాల లెక్కను అంచు చుట్టూ నక్షత్రాల మధ్య ముద్రించారు. టంకశాల చెక్కుడు కళాకారులైన బార్బర్, మోర్గన్ దీనికి చెరో రూపం గీశారు: బార్బర్ రూపంలో లిబర్టీ (స్వేచ్ఛకు ప్రతీకైన స్త్రీమూర్తి) జుట్టు విరబోసుకుని ఉంటుంది, మోర్గన్ రూపంలో చుట్టి ముడివేసుకుని ఉంటుంది (నాకు రెండవదే అందంగా కనిపిస్తుంది). వీటి రాగి ప్రతుల్లో బంగారు పూత పూసినవీ ఉన్నాయి కాబట్టి తూకం చూడకుండా కొనవద్దు.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు. 1974 నాటి అల్యూమినియం సెంటు సంగతేమిటి?

రెండవ జవాబు ఇచ్చినవారు:
దాని జోలికి వెళ్ళకండి. అది ప్రభుత్వ ఆస్తి అన్నది టంకశాల వాదన. డెన్వర్ టంకశాలలో ముద్రించిన అలాంటి ఒక నాణెం వ్యాజ్యం తర్వాత 2016లో టంకశాలకే తిరిగి చేరింది.