యూఎస్ఎస్ అరిజోనా, 1941 డిసెంబరు 7: డెక్కు వట్టి టేకా, నీలం రంగా?

తెరచాప:
1941 డిసెంబరు 7న పెర్ల్ హార్బరు మీద జపాను దాడిలో మునిగిన అమెరికా యుద్ధనౌక అరిజోనాకు నేను చేస్తున్న 1/350 స్కేలు నమూనా పని డెక్కు (నౌక పైతలం) దగ్గరకు వచ్చి ఆగిపోయింది. కిట్టు సూచనల కాగితం నౌక పక్కలకు 5-డి ముదురు బూడిద, డెక్కుకు టేకు రంగు వేయమంటోంది. ప్రాణాలతో బయటపడిన నావికుల్లో కొందరేమో నౌక నీలంగా ఉండేదని చెప్పారు. 1941 సెప్టెంబరులో సవరించిన అమెరికా నౌకాదళ కామఫ్లాజ్ (శత్రువు కంటపడకుండా రంగులు వేసే) ఉత్తర్వు పక్కలకు 5-ఎస్ సముద్రనీలాన్ని, డెక్కులకు 20-బి నీలాన్ని తెచ్చింది కనుక, పక్కలు నీలమని ఒప్పుకుంటే డెక్కునూ నీలం చేయక తప్పదా అన్నది నా సందేహం.

లంగరు:
తప్పదనే నా అభిప్రాయం. ఆ అక్టోబరు 22న అరిజోనాను మరో యుద్ధనౌక ఓక్లహోమా ఢీకొన్నది, మరమ్మతుకు పెర్ల్ హార్బరులోనే డ్రైడాకు (నీళ్లు తోడేసి నౌకను బాగుచేసే రేవు) ఎక్కించారు. రంగు మార్చడానికి అంతకన్నా మంచి అదను దొరకదు. కుంచె పట్టి పూసినవారే నీలమని చెబుతుంటే, కిట్టు పెట్టె మీది బొమ్మను నమ్మడం నాకు సబబుగా తోచదు.

చుక్కాని:
లంగరు గారూ, పక్కల విషయంలో మీతో నాకు పెద్ద పేచీ లేదు. కానీ పక్కలకు పూశారు కాబట్టి డెక్కుకూ పూసే ఉంటారనడం రెండు వేర్వేరు పనులను ఒకే ముడిలో కట్టడమే. ఉక్కు పక్కలకు రంగు వేయడం నావికులకు ఎప్పుడూ ఉండే పనే. టేకు డెక్కు సంగతి వేరు: ఇసుక, నీళ్లు చల్లి, హోలీస్టోన్ అనే రాతి ఇటుకకు కర్ర తగిలించి, వరుసగా నిలబడి తోమడం పాత యుద్ధనౌకల ఆచారం. రంగు పూసిన డెక్కును అలా తోమితే రంగే ఊడిపోతుంది కనుక, పూయాలంటే ముందు ఆ ఆచారాన్నే మానుకోవాలి. యుద్ధం వచ్చాక మానుకున్నారు, 20-బి పూశారు. యుద్ధానికి ముందే అరిజోనా మీద ఆ పని పూర్తయిందనడానికి ఉత్తర్వు తేదీ ఒక్కటే చాలదు.

ఫోటోలతో తేల్చడమూ కష్టమే. ఆర్థోక్రొమాటిక్ అనే పాతకాలపు నలుపు తెలుపు ఫిల్ము మీద నీలం తేలికగా, ఎరుపు ముదురుగా పడుతుంది. ఏ ఫిల్ము వాడారో తెలియనిదే నలుపు తెలుపు ఫోటోలోని డెక్కు ఛాయను చూసి తీర్పు చెప్పలేం. ఆస్పత్రి నౌక సొలేస్ మీద నుంచి తీసిన అరిజోనా పేలుడు దృశ్యం రంగుల్లోనే ఉంది కానీ, దానిలో పొగ, మంట తప్ప డెక్కు ఎక్కడ కనబడుతుంది?

తెరచాప గారు వట్టి టేకునే ఎంచుకుంటే మాత్రం తేనెరంగు వేయవద్దని నా మనవి. మన ఇళ్ల టేకు ద్వారబంధాలనే చూడండి: నూనె పట్టించకుండా వదిలేస్తే రెండు మూడేళ్లలో ఎండకు, వానకు బూడిదబారిపోతాయి. ఉప్పునీటిలో రోజూ తడిసే చెక్క ఇంకా పాలిపోతుంది. పలకకో రంగు వేసే అలవాటు కూడా నాకు నచ్చదు. పది సెంటీమీటర్ల వెడల్పు పలక ఈ స్కేలులో 0.3 మిల్లీమీటర్లకు లోపే ఉంటుంది, దాన్ని చారలుగా చూపితే డెక్కు కాస్తా చాపలా కనిపిస్తుంది.

లంగరు:
తోమడం గురించి మీరు చెప్పినది ఒప్పుకోదగినదే. డెక్కు మాట వెనక్కి తీసుకుంటున్నాను. పక్కల మాట తీసుకోను. అయితే 5-ఎస్‌ను తెల్లని మూల రంగులో నీలి ఊదా ముద్ద కలిపి తయారుచేసేవారు కాబట్టి, డబ్బాకూ డబ్బాకూ కొంత తేడా సహజం. నమూనాల కోసం అమ్మే సీసాలోని రంగే అచ్చమైనదని ఎవరూ పట్టుబట్టనక్కరలేదు.

తెరచాప:
నిన్న మూడు ప్లాస్టిక్ ముక్కల మీద తేనెరంగు, పాలిపోయిన బూడిద టేకు, 20-బి వేసి, పక్కన 5-ఎస్ పూసిన ముక్క నిలబెట్టి మేడ మీద ఎండలో చూశాను. తేనెరంగు బొమ్మ పడవను తలపించింది. 20-బి పక్కన పెడితే డెక్కు ఎక్కడ ముగిసిందో, గోడ ఎక్కడ మొదలైందో తెలియలేదు. పైనుంచి చూసే విమానానికి నౌక కనబడకుండా చేయడమే దాని పని కనుక అందులో వింత లేదు. బూడిద టేకు ఖాయం చేసుకున్నాను. పై అంతస్తుల్లో ఉక్కు డెక్కులు ఉన్నచోట మాత్రం 20-బి వేస్తున్నాను, దానికి చుక్కాని గారు అభ్యంతరం చెబితే వింటాను.