ఇంట్లో లెక్కల పనికి డెస్క్‌టాప్ కొనాలా, ల్యాప్‌టాప్ కొనాలా?

మిల్లుల వీధి, మిర్యాలగూడ:
మా ఇంటావిడ ఇక నుంచి రెండు రైస్ మిల్లుల లెక్కలు, ఒక ఎరువుల దుకాణం జీఎస్టీ రిటర్నులు ఇంటి నుంచే చూడటానికి ఒప్పుకున్నది. టాలీ (లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్), ఎక్సెల్, ప్రింటర్ తప్పనిసరి. చేతిలో 60 వేలున్నాయి. పెద్దలు సలహా ఇవ్వగలరు.

పాలమూరు లెక్కలు:
డెస్క్‌టాప్ తీసుకోండి అన్నా. 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ ఉంటే టాలీకి సరిపోయి మిగులుతుంది. రోజుకు రెండు మూడు వందల బిల్లులు ఎక్కించే మనిషికి కుడివైపు అంకెల మీటలున్న పెద్ద కీబోర్డు, కళ్ల ఎత్తుకు నిలబడే తెర కావాలి. పాతది తక్కువకు వస్తుందని విండోస్ 10 దగ్గరే ఆగిపోయే పెట్టెను మాత్రం కొనకండి. దానికి మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది, బ్యాంకు లాగిన్లు చేసే యంత్రం మీద ఆ సాహసం వద్దు.

గడియారం సెంటర్, నల్లగొండ:
అక్క మాట నేను ఒప్పుకోను. గాలి దుమారం వస్తే మన దగ్గర కరెంటు ఎప్పుడు పోతుందో, ఎప్పుడు వస్తుందో చెప్పలేం. ల్యాప్‌టాప్‌కు బ్యాటరీ లోపలే ఉంటుంది. అంకెల మీటలే కావాలంటే విడిగా ఒక కీబోర్డు తగిలించుకోవచ్చు.

దేవరకొండ దారి:
ఏది కొన్నా లేజర్ ప్రింటర్‌ను మాత్రం యూపీఎస్‌కు తగిలించకండి. అది వేడెక్కేటప్పుడు లాగే కరెంటుకు చిన్న యూపీఎస్ తట్టుకోలేదు.

పాలమూరు లెక్కలు:
కరెంటు పోతే ల్యాప్‌టాప్ ఆగదు, నిజమే. కానీ రౌటర్ ఆగుతుంది కదా తమ్ముడూ? జీఎస్టీ పోర్టల్ నెట్టు లేకుండా తెరుచుకోదు. రౌటర్‌కు విడిగా 12 వోల్టుల చిన్న యూపీఎస్ ఎటూ కొనవలసిందే. డెస్క్‌టాప్‌కు 600 వీఏ యూపీఎస్ పెడితే, చేస్తున్న ఎంట్రీని భద్రపరిచి పద్ధతిగా ఆపడానికి కావలసినంత సమయం దొరుకుతుంది.

గడియారం సెంటర్, నల్లగొండ:
ఆ 600 వీఏ కథ నాకు చెప్పకండి. నేను కొన్న యూపీఎస్ ఎనిమిది నెలలకే చచ్చింది. ఆ రోజు నెలలో 20వ తేదీ. జీఎస్టీలో నెలనెలా పన్ను లెక్క చూపే 3బీ రిటర్ను సగం నింపాను, కరెంటు పోయింది, యూపీఎస్ ఒక్కసారి కూత పెట్టి ఆరిపోయింది. మర్నాడు వేస్తే రోజుకు 50 రూపాయల చొప్పున ఆలస్య రుసుము పడింది, అది నా జేబులోంచే కట్టాను. దుకాణానికి వెళ్తే బ్యాటరీకి వారంటీ వర్తించదన్నారు. యూపీఎస్‌ను నమ్ముకొమ్మని ఇంకొకరికి చెప్పడానికి నాకు నోరు రాదు.

పాలమూరు లెక్కలు:
ఆ యూపీఎస్ లోపల ఉండేది 12 వోల్టుల, 7 యాంపియర్ అవర్ సీసం బ్యాటరీ. రోజూ కూత ఆగేదాకా దాని మీద పని లాగితే అది త్వరగా చెడిపోతుంది. యూపీఎస్ ఉన్నది పని ఆపుకోవడానికి, కొనసాగించడానికి కాదు. పైగా 20వ తేదీ దాకా రిటర్నును ఎందుకు ఉంచుకున్నారు?

గడియారం సెంటర్, నల్లగొండ:
నేను తేదీ ఎందుకు దాటించానని మీరు నన్ను అడగవద్దు. మా నాన్నగారు ఆ వారమంతా ఆసుపత్రిలో ఉన్నారు.

వైరింగ్ పని, జడ్చర్ల:
మీరిద్దరూ బ్యాటరీ దగ్గరే ఆగిపోయారు. ముందు ఎర్తింగ్ చూపించుకోండి. పెట్టె వెనుక స్క్రూకు వేలు తగిలితే జివ్వుమంటుందా? ఎర్త్ లేని ఇంట్లో ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు అందించే భాగం) లోపలి కెపాసిటర్ల ద్వారా ఇనుప పెట్టె మీదికి సరఫరా వోల్టేజీలో సగం దాకా వచ్చి చేరుతుంది. ఆ కరెంటు తక్కువే, కానీ యూఎస్‌బీలో పెట్టే డిజిటల్ సంతకం టోకెన్‌కూ ప్రింటర్‌కూ అది మంచిది కాదు. మన రాతి నేలలో బొగ్గు, ఉప్పు వేసి పూడ్చిన గుంత ఎండాకాలంలో ఆరిపోతుంది. వారానికోసారి రెండు బిందెల నీళ్లు పోయాలి.

గడియారం సెంటర్, నల్లగొండ:
గుంతలు తవ్వించి, టేబుల్ చేయించి, ఇంత స్థిరంగా ఎందుకు? ఇంటి నుంచి చేసే పని ఎన్నాళ్లుంటుందో ఎవరికి తెలుసు? రేపు పిల్లల చదువుకు హైదరాబాద్ వెళ్లవలసి వస్తే ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుని పోవచ్చు. ఆడవాళ్లు ఖాళీ సమయంలో చేసుకునే పనికి ఆఫీసు కట్టవలసిన అవసరం లేదు.

పాలమూరు లెక్కలు:
ఇన్ని జవాబులకు ఇప్పుడు అసలు మాట బయటికి వచ్చింది. ఖాళీ సమయం అన్నారు కదా, నా సంగతి వినండి. నాకు నాలుగేళ్లు ల్యాప్‌టాపే ఉండేది. మంచం మీద తెరిచేదాన్ని, చుట్టాలు వస్తే మూసేదాన్ని. పిల్లవాడు ఆన్‌లైన్ క్లాసని తీసుకుపోయేవాడు, మా ఆయన సినిమాకని తీసుకుపోయేవారు. మూత వేసిన మరుక్షణం, పని అయిపోయిందనుకుని వంటింట్లోంచి పిలుపు వచ్చేది. 11వ తేదీకి జీఎస్టీఆర్-1 (అమ్మకాల వివరాల రిటర్ను) వేయవలసిన ఖాతాలు నా దగ్గర ఆరు ఉన్నాయని ఇంట్లో ఒక్కరికీ తెలియదు. డెస్క్‌టాప్ తెచ్చి గోడకు టేబుల్ వేయించాకే అది ఆఫీసు అయింది. అత్తమ్మ కూడా "కోడలు ఆఫీసుల ఉన్నది" అని వచ్చినవాళ్లకు చెప్తున్నది. మీరు యూపీఎస్ గురించి వాదిస్తున్నారు, నేను మొదటి నుంచీ ఆ టేబుల్ గురించే చెప్తున్నాను.

గడియారం సెంటర్, నల్లగొండ:
ఆ మాట అన్నందుకు బాధపడుతున్నాను అక్కా. అయినా మారవలసి వచ్చే కుటుంబానికి ల్యాప్‌టాపే మేలన్న మాట మీదే ఉన్నాను.

మిల్లుల వీధి, మిర్యాలగూడ:
ఈ జవాబులన్నీ ఆవిడకు చదివి వినిపించాను. మాకు ఊరు మారే ఆలోచన లేదు. డెస్క్‌టాపే కావాలని, దానికంటే ముందు వడ్ల బస్తాలు పెట్టే వెనుక గది ఖాళీ చేయించమని అడిగింది. ఆదివారం బస్తాలు తీయిస్తున్నాను. ఆ గదికి తూర్పున ఒకటే కిటికీ ఉంది. టేబుల్ ఎటు వేయాలి?

పాలమూరు లెక్కలు:
కిటికీకి ఎదురుగా వద్దు, వెలుతురు కళ్లలో కొడుతుంది. కిటికీ వీపు వెనుక కూడా వద్దు, వెలుతురు తెర మీద కొడుతుంది. ఉత్తరపు గోడకు వేయండి, కిటికీ పక్కకు వస్తుంది. టాలీ డేటాను ప్రతి శనివారం విడి హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసి, ఆ డిస్క్‌ను ఆ గదిలో కాకుండా బీరువాలో పెట్టమనండి.

వైరింగ్ పని, జడ్చర్ల:
బస్తాలు తీసిన రోజే బయట ఎర్త్ గుంత కూడా తవ్వించి గదిలోకి వైరు లాగించండి, తర్వాత చేయిద్దామంటే టేబుల్ అడ్డం వస్తుంది.