కొత్త ఇంట్లో క్యాట్6 నెట్ కేబుల్ లాగించాం, స్పీడ్ 94 ఎంబీపీఎస్ దగ్గరే ఆగిపోతోంది

హొరమావు ఇంటాయన:
ఎవరైనా కాస్త చెప్పండి, పొద్దున్నుంచి దీంతోనే సరిపోయింది. బెంగళూరు హొరమావులో ఇల్లు కట్టిస్తున్నాం, గ్రౌండ్ ప్లస్ టూ, కింద తమ్ముడి ఆఫీసు, పైన మేము. ప్రతి గదికీ క్యాట్6 లాగించాను, కంపెనీ కేబులే, ఎస్పీ రోడ్డులో నేనే నిలబడి కొన్నాను. నెట్ ప్లాను 300 ఎంబీపీఎస్. రౌటర్‌కి ల్యాప్‌టాప్ నేరుగా తగిలిస్తే నిక్షేపంగా 300 వస్తోంది, అదే గోడలోంచి వచ్చిన వైరుకి తగిలిస్తే 94, ఏ గదిలో చూసినా 94. టెర్రస్ మీద కెమెరా పాయింటైతే లింకు వస్తుంది, పోతుంది. టెస్టర్ పెడితే ఎనిమిది లైట్లూ వరసగా వెలుగుతున్నాయి, కాబట్టి వైరింగ్‌లో తప్పు లేదు. సోమవారం పెయింటర్లు దిగుతారు. ఈలోగా ఇదంతా పీకేసి క్యాట్7 వేయించమంటారా, వద్దా? ఆ ఒక్కటీ చెప్పండి చాలు.

రాగితీగ:
ప్లగ్గుల ఫొటో పెట్టండి. రెండు చివరలవీ.

బెల్లందూరు బ్రో:
అన్నా, కొత్త ఇల్లు కడుతూ ఇంకా రాగి తీగలేంటి? రౌటర్ దగ్గర్నుంచి అంతస్తుకో ఫైబర్ లాగి, ఒక్కో అంతస్తులో చిన్న నెట్‌వర్క్ స్విచ్ పెట్టుకుంటే అయిపోయేది. సింగిల్ మోడ్ ఫైబర్ ఒకసారి గోడలో పడిందంటే రేపు 10 జీ (గిగాబిట్) వచ్చినా 100 జీ వచ్చినా చివర్లలో డబ్బాలు మార్చుకోవడమే, గోడ ముట్టుకునే పని లేదు. పైగా ఫైబర్‌లో కరెంటు పారదు, టెర్రస్ మీద పిడుగుపాటుకి సర్జ్ వచ్చినా అది వైరు వెంబడి కిందికి దిగి మీ రౌటర్‌ని కాల్చదు. నేను ఇక్కడ ఎంతమందికి చెప్పానో, ఒక్కరూ వినరు.

రాగితీగ:
రాగి కేబుల్‌లో అయితే నెట్‌తో పాటు కెమెరాకి కరెంటు కూడా పంపొచ్చు, ఫైబర్‌లో ఎలా పంపిస్తారు?

బెల్లందూరు బ్రో:
అక్కడే ఒక అడాప్టర్ పెట్టుకోవచ్చు కదా.

రాగితీగ:
టెర్రస్ మీద. వానలో.

పైపుల పెద్దాయన:
బాబూ, కేబుల్ సంగతి తర్వాత, ముందు పైపు ఎంతది వేశారు? అందరూ కేబుల్ బ్రాండు గురించి మాట్లాడతారు గానీ పైపు గురించి అడిగేవాడే ఉండడు. పైపులో నలభై శాతానికి మించి కేబుల్ నింపకూడదు. క్యాట్6 ఒక్కోటి ఆరు ఎంఎం లావుంటుంది, ఆ లెక్కన 20 ఎంఎం పైపులో మూడు, 25లో ఐదు, అంతే. మలుపుల దగ్గర ఎల్బో పెడితే కేబుల్ అక్కడ మడత పడి లోపల మెలేసిన తీగల జతలు నలిగిపోతాయి, పొడవాటి బెండ్ పెట్టాలి, కేబుల్ లావుకి కనీసం నాలుగింతలైనా వంపు ఉండాలి. కేబుల్ లాగాక పైపులో నైలాన్ తాడు వదిలేయాలి, రేపు ఇంకోటి లాగాలంటే అదే దిక్కు. మన ఎలక్ట్రీషియన్లు ఆ తాడు కూడా కేబుల్‌తో పాటే లాగేసుకుని ఇంటికి పోతారు.

హొరమావు ఇంటాయన:
సార్, పైపులైపోయాయి, ప్లాస్టరింగ్ కూడా అయిపోయింది. అన్నీ 25 ఎంఎమ్మే. టెర్రస్‌కి మాత్రం వేరే పైపు వేయలేదు, సోలార్ హీటర్ బ్యాకప్ కాయిల్‌కి కరెంటు పోయే పైపులో ఖాళీ ఉందని కెమెరా కేబుల్ కూడా అందులోంచే పంపించాడు. నేనడిగింది క్యాట్7 గురించి.

పైపుల పెద్దాయన:
కరెంటు పైపులోనా! ఇది ముందు చెప్పాలి కదా బాబూ! దాన్ని వెంటనే తీయించండి. సిగ్నల్ పాడవడం ఒక ఎత్తు, ఏ ఎలుకో కొరికి ఫేజు తీగ ఇన్సులేషన్ పోయిందంటే 230 వోల్టులు నెట్ కేబుల్ మీదుగా కెమెరా దాకా, కింద స్విచ్ దాకా వస్తాయి. కరెంటుకి ఒక పైపు, నెట్‌కి ఒక పైపు. రెండూ ఒకదాన్నొకటి దాటాల్సి వస్తే అడ్డంగా దాటాలి, పక్కపక్కనే పరుగు తీయకూడదు.

నైట్‌షిఫ్ట్:
క్యాట్7 వేసుకోండి బాస్, తీగల చుట్టూ రేకుతో షీల్డింగ్ ఉంటుంది, పక్కన కరెంటు వైరున్నా ఏమీ కాదు. ఆన్‌లైన్‌లో ప్లగ్గులు బిగించే వస్తున్నాయి.

రాగితీగ:
షీల్డింగ్ ఉంటే కరెంటు పైపులో వేయొచ్చని ఎవరు చెప్పారు? పైగా క్యాట్7 అని అమ్మేదాంట్లో సగం పేరుకే. అమెరికా వాళ్ల టీఐఏ ప్రమాణాల్లో అది లేనే లేదు.

నైట్‌షిఫ్ట్:
లేదంటే ఎలా? 2002 నాటి ఐఎస్ఓ ప్రమాణంలోనే ఉంది, చూసుకోండి.

రాగితీగ:
ఉంది. దానికి జీజీ45, టెరా అని వేరే కనెక్టర్లు పెట్టుకున్నారు. మనం వాడే మామూలు నెట్ ప్లగ్గు, ఆర్జే45, బిగించి క్యాట్7 అంటే డబ్బా మీద రాసుకోవడానికే. ఆయనకి గది నుంచి గదికి ముప్పై మీటర్లు కూడా ఉండదు, క్యాట్6 మీద 55 మీటర్ల వరకు 10 జీ పోతుంది, ఆయన ప్లాను 300. ఫొటో ఏదండీ?

నైట్‌షిఫ్ట్:
షీల్డింగ్ ఉంటుందన్నాను, దానికి జవాబు లేదు.

హొరమావు ఇంటాయన:
ఫొటోలు పెట్టాను చూడండి. ఐఓ బాక్సులు, అదే గోడకి పెట్టే నెట్ సాకెట్లు, ఇంకా రాలేదు, అందుకని రెండు చివర్లా ప్లగ్గే కొట్టాడు. రెండువైపులా ఒకే వరస. ఆరెంజ్ జత, గ్రీన్ జత, బ్లూ జత, బ్రౌన్ జత, ఏ జతకి ఆ జత పక్కపక్కనే నీట్‌గా ఉన్నాయి. తీగ గీకి చూశాను, లోపల ఎర్రగానే ఉంది, అల్యూమినియం కాదు.

రాగితీగ:
దొరికింది. మీ వాడు నీట్‌గా పెట్టిందే తప్పు. ప్లగ్గులో 1-2 ఒక జత, 3-6 ఒక జత, 4-5 ఒక జత, 7-8 ఒక జత. అంటే మూడో పిన్నుకి జోడీ ఆరోది, నాలుగోది కాదు. మీ దగ్గర మూడులో తెల్ల-గ్రీన్, ఆరులో బ్లూ ఉన్నాయి, ఆ రెండూ ఒకదాన్నొకటి మెలేసుకున్న తీగలు కావు. మెలిక ఉంటేనే పక్క జత రొద దీంట్లోకి రాదు. టెస్టర్‌కి ఇవన్నీ తెలియవు, ఇటు ఒకటి అటు ఒకటికి కలిసిందా లేదా, అంతే చూస్తుంది, అందుకే ఎనిమిది లైట్లూ వెలిగాయి. గిగాబిట్‌కి, అంటే 1000 ఎంబీపీఎస్‌కి, నాలుగు జతలూ బాగుండాలి. అది నిలబడకపోతే చాలా పోర్టులు 100కి దిగిపోతాయి, 100లో ఖర్చులు పోను చేతికొచ్చేదే మీ 94.

కేబుల్ ముట్టుకోకండి. ప్లగ్గు కోసేసి కొత్తది కొట్టించండి. వరస ఇది: తెల్ల-ఆరెంజ్, ఆరెంజ్, తెల్ల-గ్రీన్, బ్లూ, తెల్ల-బ్లూ, గ్రీన్, తెల్ల-బ్రౌన్, బ్రౌన్. ఇప్పుడున్నదాంట్లో నాలుగు, ఆరు తారుమారు చేస్తే ఇదే వస్తుంది. ఫొటోలో రెండంగుళాల మెలిక విప్పేశాడు, అరంగుళం దాటనివ్వకండి. గోడ బాక్సులో కేబుల్ ఎంత మిగిలింది?

హొరమావు ఇంటాయన:
జానెడు ఉంటుంది. కానీ రెండువైపులా ఒకటే వరస ఉంటే ఏ రంగు ఎక్కడున్నా ఒకటే అంటున్నాడు ఎలక్ట్రీషియన్, ఇరవై ఏళ్లుగా ఇలాగే కొడుతున్నాడట. పక్క వీధిలో కెమెరాలన్నీ అతనే వేశాడు, అవి నడుస్తున్నాయి కదా అంటాడు.

రాగితీగ:
కెమెరాకి 100 చాలు, దగ్గర్లో అయితే ఈ తప్పుతో కూడా నెట్టుకొస్తుంది. జానెడు చాలు, రెండుసార్లు కొట్టినా మిగులుతుంది. ఐఓలు వచ్చాక గోడవైపు ప్లగ్గు తీసేసి తీగల్ని వాటిలో నొక్కి పంచ్ చేయించండి, వాటి మీద రంగులు ఏ, బీ అని రెండు రకాలుగా గుర్తులుంటాయి, నేను పైన చెప్పిన వరస బీ, రెండు చివర్లా అదే.

బెల్లందూరు బ్రో:
'ఏ' రకం వేసినా తప్పేం లేదు, రెండువైపులా ఒకటే ఉంటే చాలు.

రాగితీగ:
తప్పు లేదు. ఆయన ఎలక్ట్రీషియన్‌కి ఇంకో ఆప్షన్ ఇవ్వకండి.

హొరమావు ఇంటాయన:
ఆఫీసు పాయింట్లు మూడూ దగ్గరుండి మార్పించాను. లింకు 1 జీ అంటోంది, స్పీడు 300 వస్తోంది. పైన గదులవి రేపు చేస్తాడు. టెర్రస్‌ది వేరే పైపులోకి మార్చాలంటే మళ్లీ గోడ గాడి కొట్టాలట, మేస్త్రీతో మాట్లాడాలి, పెయింటర్లకి ఫోన్ చేసి ఆపాలి. థాంక్స్ అండీ.

పైపుల పెద్దాయన:
గాడి కొట్టేటప్పుడే ఇంకో ఖాళీ పైపు కూడా వేయించండి బాబూ, 25దే. తాడు మర్చిపోకండి.

బెల్లందూరు బ్రో:
ఆ ఖాళీ పైపులో ఒక ఫైబర్ లాగి పడేయండి అన్నా.