జపాన్ ర్యోకాన్‌లో అన్నీ వాళ్ల పద్ధతే చెల్లాలా?

కృష్ణా తీరం:
మొన్న ఏప్రిల్‌లో అమ్మానాన్నలను జపాన్ తీసుకెళ్లాను. టోక్యో, క్యోటోల్లో మామూలు హోటళ్లలో దిగాం, ఏ ఇబ్బందీ రాలేదు. ఒక్క రాత్రి మాత్రం కొండల్లో వేడినీటి ఊటలున్న ఊళ్లో, ఆన్సెన్ (ఊటనీటి స్నానశాల) ఉన్న ర్యోకాన్‌లో, అంటే జపాన్ పాతకాలపు పద్ధతిలో నడిచే బసలో, గది తీసుకున్నాను. రాత్రి భోజనం, పొద్దున టిఫిన్ కలిపి మనిషికి 35,000 యెన్లు. ముగ్గురికి 1,05,000. ఒక్క రాత్రి బసకు నేను జీవితంలో అంత ఎప్పుడూ పెట్టలేదు.

మధ్యాహ్నం మూడింటికి వెళ్లి, మేం శాకాహారులమని గుర్తు చేశాను. రిసెప్షన్‌లో ఆవిడ మొహం పాలిపోయింది. లోపలికి వెళ్లి వచ్చి, నడుం దాకా వంగి, ఈ రోజుకు కష్టమని చెప్పింది. రాత్రి మా ముందు అన్నం, ఊరవేసిన ముల్లంగి ముక్కలు, చల్లటి టోఫు, మిసో అనే పులియబెట్టిన సోయా ముద్దతో చేసే సూప్ పెట్టారు. నాన్న ఆ సూప్ సగం తాగాక అందులో చేప రసం ఉందని తెలిసింది. 72 ఏళ్ల మనిషి, ఇంతవరకు నీసు ముట్టింది లేదు. ఎవరినీ ఏమీ అనకుండా లేచి వెళ్లి నోరు పుక్కిలించుకుని వచ్చారు. ఇక అన్నం కూడా తినలేదు.

అమ్మ స్నానాల గది గుమ్మం దాకా వెళ్లింది. లోపల ఆడవాళ్లంతా ఒంటి మీద నూలుపోగు లేకుండా ఉండడం చూసి వెనక్కి వచ్చేసింది. నైటీ వేసుకుని దిగొచ్చా అని అడిగితే కుదరదన్నారు.

జపాన్ ఆతిథ్యాన్ని, ఒమొతెనాషిని లోకమంతా పొగుడుతుంది. అంత డబ్బు తీసుకున్నవాళ్లు అతిథి కోసం కాస్తయినా మారొద్దా? మీరేమంటారు?

నిషి-కసాయ్ వాసి:
టోక్యోలో 11 ఏళ్లుగా ఉంటున్నాను. నాన్నగారి సంగతి చదివి బాధేసింది. కానీ "గుర్తు చేశాను" అన్నారు. అంతకు ముందు ఎలా చెప్పారండి?

కృష్ణా తీరం:
బుకింగ్ సైట్‌లో స్పెషల్ రిక్వెస్ట్ దగ్గర "వెజ్" అని రాశాను.

నిషి-కసాయ్ వాసి:
ఆ ఒక్క మాట ఇక్కడ చాలదండి. మాంసం వద్దంటే చేప పెడతారు, చేప వద్దంటే చేప రసంతో వండిన కూర పెడతారు. వాళ్ల లెక్కలో అది కూరగాయల వంటకమే. మాంసం, చేప, రొయ్యలు, పీతలు, వాటి రసంతో చేసినవి ఏవీ తినమని జపనీస్‌లో విడివిడిగా రాసి, కనీసం వారం ముందు పంపి, కుదురుతుందని జవాబు వచ్చాకే డబ్బు కట్టాలి. ర్యోకాన్‌లో ధర గదికి కాదు, మనిషికి. ఎందుకంటే ఆ ధరలో భోజనమే పెద్ద భాగం. అది వద్దనుకుంటే "సుదోమరి" అని అడగండి, తిండి లేకుండా గది మాత్రమే ఇస్తారు, చాలా తక్కువ పడుతుంది.

స్నానం మాటకొస్తే నేను ఒప్పుకోను. తిరుమలలో కల్యాణోత్సవానికి ప్యాంటుతో వెళ్తే పంపుతారా? లక్షలు ఖర్చుపెట్టి అమెరికా నుంచి వచ్చానంటే ఊరుకుంటారా? పంచె కట్టుకునే వెళ్తాం, అది మనకు అవమానంగా అనిపించదు. ఇదీ అంతే. డబ్బు కట్టినంత మాత్రాన ఆచారాన్ని కొనుక్కున్నట్టు కాదు.

రాత్రి షిఫ్టు:
నేను జపాన్‌లో చదువుకునే రోజుల్లో రెండు వేసవి సెలవులు ఒక ఆన్సెన్ ఊళ్లో ర్యోకాన్‌లో పనిచేశాను. పరుపులు వేయడం, గిన్నెలు కడగడం, స్నానాల గదులు శుభ్రం చేయడం. వంటగదిలో ఏం జరిగేదో చెప్తే ఈ గొడవ సగం తేలుతుందని అనుకుంటున్నాను.

పొద్దున అయిదున్నరకు పెద్దాయన, అంటే హెడ్ కుక్, ఒక పెద్ద డేగిసాలో కొంబు అనే సముద్రపు నాచు ముక్కలు వేసి సన్నటి మంట పెట్టేవారు. నీళ్లు మరిగే లోపే ఆ నాచు తీసేసి, ఎండబెట్టిన చేపను రంపపు పొట్టులా చెక్కిన తునకలు గుప్పిళ్లతో వేసేవారు. రెండు నిమిషాలాగి గుడ్డలో వడకట్టేవారు. అదే దాషి. ఆ రోజు వంటంతా దాంట్లోంచే పుడుతుంది. మిసో సూప్ దాంతోనే, గుడ్డు ఆవిరి మీద ఉడికించేది దాంతోనే, గుమ్మడికాయ, ముల్లంగి ఉడికేది అందులోనే. పాలకూర ఉడికించి, నీళ్లు పిండేసి నానబెట్టేదీ అందులోనే. తెంపురా అనే బజ్జీల్లాంటివి ముంచుకునే పులుసులోనూ అదే. మన వంటింట్లో ఉప్పు ఎలాగో అది అలాగ. మధ్యాహ్నం మూడింటికి "వెజ్" అని ఎవరైనా వస్తే, ఆయన చేతిలో మిగిలేవి మీకు పెట్టినవాటిలో మూడే. పచ్చి టోఫు, తెల్లన్నం, ఊరగాయ. మిసో సూప్ మాత్రం వాళ్లు మీకు పెట్టకుండా ఉండాల్సింది. అది వాళ్ల తప్పే. దాషి అంటే చేప అన్న ఆలోచనే చాలామందికి రాదు, కానీ ఆ మాట నాన్నగారికి ఊరట కాదు.

మా దగ్గర వంటగది గోడకు ఒక కాగితం అంటించి ఉండేది. గది నంబరు, పక్కన ఎవరు ఏం తినరో. మూడు రోజుల ముందే తెలిస్తే పెద్దాయన కొంబు, ఎండు షీటాకే పుట్టగొడుగులతో వేరే దాషి చేసేవారు. ఒకసారి గుజరాతీ దంపతులకు ఎనిమిది రకాలు అలా వండారు. ఆయన తలుపు సందులోంచి తొంగిచూసి, వాళ్ల పళ్లేలు ఖాళీ అయ్యాయో లేదో నన్ను రెండుసార్లు అడిగారు. అంటే మారడం వాళ్లకు తెలుసు. వాళ్లకు కావల్సింది టైము.

స్నానం గురించి కూడా. తొట్టి కడిగినవాణ్ని కాబట్టి చెప్తున్నాను, ఆ నీళ్లలో పగలంతా అందరూ దిగుతారు. అందుకే ముందు చిన్న పీట మీద కూర్చుని ఒళ్లంతా సబ్బుతో రుద్దుకుని, నురగ పూర్తిగా పోయేదాకా కడుక్కోవాలి. జుట్టు ముడేసుకోవాలి. చేతి తువ్వాలు కూడా నీళ్లలో పెట్టరు, మడిచి తల మీద పెట్టుకుంటారు. బట్టతో దిగితే అందులోని సబ్బు, రంగు, మురికి అందరి నీళ్లలో కలుస్తుంది. ఇది సిగ్గు విషయం కాదు, మడి విషయం. మన అమ్మమ్మలకు ఇట్టే అర్థమయ్యే సంగతి.

పాలమూరు కోడలు:
తిండి గురించి ఇంత వివరంగా చెప్పారు, మంచిదే. కానీ "వాళ్ల ఆచారం, మనం సర్దుకోవాలి" అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను.

మా అత్తయ్యకు రెండు చేతుల మీదా మణికట్టు నుంచి మోచేతి దాకా పచ్చబొట్లున్నాయి. చిన్నప్పుడు ఊళ్లోకి వచ్చినామె సూదులతో పొడిచింది. తేలు బొమ్మ, చుక్కల ముగ్గు, అన్న పేరు. పచ్చబొట్టు లేకుండా పోతే పైలోకంలో మంచినీళ్లు పుట్టవని ఆ రోజుల్లో అనేవారట. గడ్డం మీద మూడు చుక్కలు కూడా ఉన్నాయి.

మేమూ జపాన్ వెళ్లినప్పుడు, ఒక ర్యోకాన్‌లో సిగ్గు దాటుకుని, నా చెయ్యి పట్టుకుని స్నానానికి వచ్చింది. బట్టలు బుట్టలో పెట్టి తువ్వాలు చుట్టుకున్నాక, అక్కడ పనిచేసే ఆమె పరుగున వచ్చి రెండు చేతులూ అడ్డంగా గుణకారం గుర్తులా పెట్టింది. పచ్చబొట్టు ఉన్నవాళ్లు పెద్ద తొట్టిలో దిగకూడదట. చర్మం రంగు స్టిక్కరు ఒకటి ఇచ్చారు, అరచేయంత. అత్తయ్య ఒక చెయ్యికే అలాంటివి నాలుగు కావాలి. తిరిగి చీర కట్టుకుంటూ అత్తయ్య అడిగింది: "నా చేతులకు ఏం రోగమున్నదనుకున్నరు బిడ్డా?" నాకు జవాబు రాలేదు.

యాకూజా అనే నేర ముఠాల వాళ్లు ఒళ్లంతా పచ్చబొట్లు పొడిపించుకుంటారు, వాళ్లను దూరం పెట్టడానికి ఈ నియమం. నాకు తెలుసు. కానీ 70 దాటిన పాలమూరు ముసలామెకు, ముఠాకు తేడా తెలియదా? 2013లో ఉత్తర జపాన్‌లోని హొక్కైదోలో న్యూజిలాండ్ ఆదివాసులైన మావోరీల మహిళ ఒకామెను మొహం మీది సంప్రదాయపు పచ్చబొట్టు కారణంగా ఒక స్నానశాలలోకి రానివ్వలేదు. అప్పుడు పెద్ద గొడవైంది. 2015లో జపాన్ పర్యాటక సంస్థ సర్వే చేస్తే, జవాబిచ్చిన చోట్ల సుమారు 56 శాతం పచ్చబొట్టున్నవాళ్లను స్నానానికి రానివ్వమన్నాయి. ఆన్సెన్ అంటే ఏమిటో చెప్పే చట్టం 1948లోనే వచ్చింది. ఊటలో నీళ్లు 25 డిగ్రీలైనా ఉండాలి, లేదా చెప్పిన 19 పదార్థాల్లో ఒక్కటైనా తగినంత ఉండాలి. అంతా నీళ్ల గురించే. అందులో దిగే మనిషి చర్మం మీద ఏముండకూడదో ఆ చట్టంలో లేదు. ఈ నియమం ఒక్కో యజమాని పెట్టుకున్నదే. యజమాని పెట్టుకున్నదాన్ని యజమాని మార్చుకోవచ్చు.

కల్యాణోత్సవానికి పంచె కట్టుకోవచ్చు నిషి-కసాయ్ గారూ. చర్మం విప్పి బుట్టలో పెట్టడం కుదరదు.

నిషి-కసాయ్ వాసి:
అక్కా, మీ చివరి మాటకు నా దగ్గర సమాధానం లేదు. పంచె పోలిక వెనక్కి తీసుకుంటున్నాను.

ఒక్క సంగతి మాత్రం చెప్పాలి. చిన్న ర్యోకాన్‌లు ఏళ్ల తరబడి వచ్చే పాత అతిథుల మీద బతుకుతాయి. ఆ పెద్దవాళ్లు పచ్చబొట్టు చూసి భయపడి మళ్లీ రారేమోనన్నది యజమానుల టెన్షన్. అయినా అన్నీ అలా లేవు. కినోసాకి అనే ఆన్సెన్ ఊళ్లో ఊరి స్నానశాలలు ఏడూ పచ్చబొట్టున్నవాళ్లను రానిస్తాయి. ఎవరైనా పెద్దవాళ్లను తీసుకెళ్లేటట్టయితే అటు ప్లాన్ చేసుకోండి.

ఓరుగల్లు మాస్టారు:
నేను రిటైరైన టీచర్ని. అబ్బాయి ఒసాకాలో ఉంటే పోయినేడు వెళ్లొచ్చాం. బదరీనాథ్ తప్తకుండంలో స్నానం చేసినవాళ్లకు వేడినీటి ఊట కొత్త కాదు, కాకపోతే అక్కడ బట్టలతో దిగుతాం. అందుకని మా ఆవిడ కూడా జపాన్‌లో ముందు జంకింది. అబ్బాయి "కాషికిరి" స్నానం మాట్లాడాడు. గంట సేపు ఆ చిన్న తొట్టి మీ ఇంటివాళ్లకే, లోపల గడియ పెట్టుకోవచ్చు. ఆమె ఒక్కతే వెళ్లి, గంటా ఉండి, కాళ్ల నొప్పులు తగ్గాయంటూ వచ్చింది. కృష్ణా తీరం బాబూ, అమ్మగారికి ఈసారి అది ఏర్పాటు చేయి.

తిండికి ఇబ్బంది పడ్డాక మమ్మల్ని కోయసాన్ తీసుకెళ్లాడు. కూకాయ్ అనే బౌద్ధాచార్యుడు 816లో స్థాపించిన కొండ క్షేత్రం, సుమారు 800 మీటర్ల ఎత్తు. అక్కడ యాభై దాకా గుళ్లలో యాత్రికులకు బస ఇస్తారు. వండేది షోజిన్ భోజనం. మాంసం, చేపలే కాదు, ఉల్లి వెల్లుల్లి కూడా ఉండవు. మన కార్తీక సోమవారం వంట లాంటిది. గడ్డకట్టించి ఎండబెట్టిన టోఫును పుట్టగొడుగుల రసంలో నానబెట్టి వండారు, కొరికితే స్పంజిలా రసం ఊరింది. నువ్వులతో చేసిన ముద్ద ఒకటి, మెత్తగా జున్నులాగా ఉంది. మా ఆవిడ రెండు పూటలా అడిగి తిన్నది. పొద్దున ఆరింటికి పూజలో కూర్చున్నాం, మంత్రం అర్థం కాకపోయినా ఆ గంట చప్పుడు ఇంకా చెవుల్లో ఉంది. అక్కడా సాయంత్రం భోజనానికి టైము దాటితే కుదరదు. అది మాత్రం గుర్తుంచుకోవాలి.

కృష్ణా తీరం:
అందరికీ ధన్యవాదాలు. డేగిసా సంగతి నాన్నకు చదివి వినిపించాను. "పొద్దున అయిదున్నరకే మొదలవుతుందా" అని కాసేపు ఊరుకున్నారు. మూడింటికి వెళ్లి అడగడం నా తప్పే, ఒప్పుకుంటున్నాను.

కానీ పూర్తిగా వదులుకోను. "వెజ్" అని రాసింది వాళ్లకు చేరింది, అర్థం కాలేదు. అర్థం కానప్పుడు ఒక్క లైను ఈమెయిల్ పెట్టి ఉంటే నేను రద్దు చేసుకునేవాణ్ని. డబ్బు తీసుకున్నాక అడగాల్సిన బాధ్యత ఇద్దరికీ ఉంటుంది. నవంబరులో కోయసాన్‌కు మూడు గదులు అడుగుతూ జపనీస్‌లో రాయించి పంపాను. కాషికిరి ఉన్న చోటు ఇంకొకటి వెతుకుతున్నాను, అమ్మ సరేనంది.

పాలమూరు కోడలు గారూ, అత్తయ్యగారు చివరికి ఆ నీళ్లలో దిగారా?

పాలమూరు కోడలు:
ర్యోకాన్‌లో లేదండి. మర్నాడు పొద్దున స్టేషన్ దగ్గర "ఆషియు" కనిపించింది, కాళ్లు మాత్రం పెట్టుకునే వేడినీటి కాలువ. ఊరివాళ్లు ఉచితంగా పెట్టారు. అత్తయ్య చీర మోకాళ్ల దాకా ఎత్తి పట్టుకుని కాళ్లు దింపింది. పక్కన ఒక జపాన్ ముసలామె కూర్చుని ఉంది. అత్తయ్య చేతుల వంక కాసేపు చూసి, తేలు బొమ్మ మీద మెల్లగా వేలు పెట్టి ఏదో అడిగింది. అత్తయ్య తెలుగులోనే చెప్పింది, ఎవరు పొడిచారో, ఎంత ఏడ్చిందో, ఆ తర్వాత వాళ్లమ్మ ఏం పెట్టిందో. ఆమె తలూపుతూ వింది. రైలు వచ్చేదాకా ఇద్దరూ అలాగే కూర్చున్నారు.