పాత మైక్రోస్కోప్ ఇత్తడికి పాలిష్ పెట్టాలా, వద్దా?

ఇత్తడిగొట్టం: 1880ల నాటి ఇంగ్లండ్ మైక్రోస్కోప్ ఒకటి కొన్నా. లెన్సులు బాగున్నాయి గానీ గొట్టం నిండా నల్ల మచ్చలు. పాలిష్ పెట్టి ధగధగలాడిద్దామని ఉంది, ఏమంటారు?

పాతసరుకు: దయచేసి ఆగండి. ఆ బంగారు రంగు చాలావరకు పైనున్న లక్క పూతది. లక్కని స్పిరిట్‌లో కరిగించి, వేడెక్కిన ఇత్తడి మీద పల్చగా పూసేవాళ్లు, ఒకసారి రుద్దేస్తే ఆ పూత ఇక పోయినట్టే. అమ్మోనియా ఉన్న పాలిష్ అయితే మరీ ఘోరం, ఇత్తడి పగుళ్లిచ్చే ప్రమాదం కూడా ఉంది. మెత్తటి గుడ్డతో తుడిచి కాస్త మైనం రాయండి, చాలు.

ఇత్తడిగొట్టం: సగం లక్క ఎప్పుడో ఊడిపోయిందండీ, లేనిదాన్ని ఎలా కాపాడమంటారు? చేసినవాడు దీన్ని మచ్చలతో అమ్మలేదుగా!

లెన్స్‌పిచ్చి: ఏం చేసినా స్పిరిట్ గుడ్డ లెన్సుల దగ్గరికి రానివ్వకండి. లోపల గాజుల్ని కెనడా బాల్సం అనే చెట్టు బంకతో అతికించి ఉంటారు, అతుకు విడిపోతే అంతే సంగతి.

పాతసరుకు: లేనిదాని గురించి కాదు, మిగిలిన సగం గురించే చెప్తున్నా. నేనొకటి కొన్నాను, ఫొటోలో కొత్త పెళ్లికూతురిలా ఉంది, తీరా చేతికొచ్చాక చూస్తే చెక్కిన పేరు అంచులు అరిగిపోయి, సీరియల్ నంబర్లో ఉన్నది మూడో ఎనిమిదో తెలీదు, సందుల్లో ఎండిపోయిన తెల్లటి పాలిష్ ముద్ద. జైస్, లైట్స్ (Leitz) లాంటి జర్మన్ కంపెనీల మైక్రోస్కోపులకి ఆ నంబర్ బట్టే కదా ఏ ఏడాదిదో తేల్చేది! అమ్మినాయన్ని అడిగితే "శుభ్రం చేశామండీ" అన్నాడు.

ఇత్తడిగొట్టం: ఆయన మీద కోపం నా మీద చూపిస్తారేంటి? నేను అమ్మడానికి కొనలేదు. నా డబ్బు, నా వస్తువు. రోజూ నీటిబొట్టు పెట్టి చూసుకుంటా, కింది లెన్స్ బిగించే మర 0.8 అంగుళాల ఆర్‌ఎంఎస్ (రాయల్ మైక్రోస్కోపికల్ సొసైటీ) కొలతదే కాబట్టి ఇప్పటి ఆబ్జెక్టివ్ (ఆ కింది లెన్స్) కూడా పడుతుంది. అద్దాల బీరువాలో పెట్టి దణ్ణం పెట్టుకోమంటారా?

గాజుపలక: ముందు ఓనరే కొత్త లక్క వేయించి ఉంటేనో?

పాతసరుకు: వాడొద్దని నేనెక్కడన్నా? నిక్షేపంగా వాడండి. మీరు అమ్మరు సరే, మీ తర్వాత ఎవరో అమ్ముతారు, కొన్నవాడు అదే అసలు పూత అనుకుంటాడు. నా బాధంతా అక్కడే, చేసిన పని దాచిపెట్టడం దగ్గర.

ఇత్తడిగొట్టం: ఆ మాట మొదటే అనాల్సింది. ఏం చేశానో కాగితం మీద రాసి పెట్టెలో పెడతా, ముందూ తర్వాతా ఫొటోలు తీస్తా. పేరు, నంబర్ ఉన్నచోట ముట్టుకోను. గొట్టానికి మాత్రం పాలిష్ పెడతా, అందులో మార్పు లేదు.

పాతసరుకు: పెట్టేముందు స్టేజీ (స్లైడ్ పెట్టే పలక) అడుగున, చేతులు పడని చోట టార్చ్ వేసి చూడండి. అసలు రంగు మిగిలితే అక్కడే మిగులుతుంది. గాజుపలక గారడిగినదానికీ కొంత జవాబు అక్కడే దొరకొచ్చు.