ఇంటి వైఫై పాస్‌వర్డ్ మూణ్ణెల్లకోసారి మార్చాలా, గట్టిది ఒకటి పెట్టి వదిలేయాలా?

తెనాలి_ఆడపడుచు

అమ్మానాన్నలు తెనాలిలో ఉంటారు. నేను బెంగళూరులో, అన్నయ్య డల్లాస్‌లో. ఇంట్లో ఫైబర్ కనెక్షన్ ఉంది. వాళ్ళిద్దరి ఫోన్లు, టీవీ, వరండాలో ఒక కెమెరా, హాల్లో ఒకటి, మేడ మీద సోలార్ ఇన్వర్టర్‌ని నెట్‌కి కలిపే డాంగిల్, అన్నీ దాని మీదే. పాస్‌వర్డ్ నాన్న సెల్ నంబరు. కనెక్షన్ ఇచ్చిన రోజు కేబుల్ అబ్బాయి పెట్టి వెళ్ళాడు, నాలుగేళ్ళుగా అదే నడుస్తోంది.

పోయిన నెల పై పోర్షన్ వాళ్ళు ఖాళీ చేశారు. వాళ్ళ బాబు చదువు కోసమని అమ్మే పాస్‌వర్డ్ ఇచ్చింది. ఇప్పుడు అన్నయ్య దాన్ని వెంటనే మార్చమంటున్నాడు, ఇకమీదట మూణ్ణెల్లకోసారి మార్చాలని పట్టుబడుతున్నాడు. మార్చిన ప్రతిసారీ కెమెరాలు ఆగిపోతాయి. వాటిని మళ్ళీ కలపడం అమ్మ వల్ల కాదు, నేనే రైలెక్కి వెళ్ళాలి. నాన్నకి గుండె ఆపరేషన్ అయింది. ఒక పూట కెమెరాలో ఇల్లు కనపడకపోతే నాకు టెన్షన్. ఒకసారి మార్చడానికి నాకేం అభ్యంతరం లేదు. మూణ్ణెల్లకోసారి నిజంగా అవసరమా?

వనస్థలిపురం_ఓనర్

అవసరమేనమ్మా. మీ అన్నయ్య చెప్పింది నూటికి నూరుపాళ్ళు కరెక్ట్.

మా ఇంట్లో మూడు పోర్షన్లు. కింద పోర్షన్‌లో బ్యాచిలర్స్ ఉండి వెళ్ళాక నెట్ నత్తనడక నడుస్తుంటే రౌటర్ పేజీ తెరిచి చూశాను. 19 డివైస్‌లు కనెక్ట్ అయి ఉన్నాయి. మావి ఆరు! మిగతావి ఎవరివో ఈ రోజుకీ తెలియదు. ఇప్పుడు ఎవరూ పాస్‌వర్డ్ నోటితో చెప్పక్కర్లేదు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో వైఫై షేర్ నొక్కితే క్యూఆర్ వస్తుంది, చాలా ఫోన్లలో దాని కిందే పాస్‌వర్డ్ అక్షరాలతో సహా కనిపిస్తుంది. మీ అమ్మగారు ఇచ్చింది ఒక బాబుకి. ఆ బాబు ఎంతమంది స్నేహితులకి చూపించాడో ఆమెకేం తెలుసు?

ఇంకో సంగతి. 2008 జులై 26న అహ్మదాబాద్‌లో పేలుళ్ళు జరిగాయి. వాటికి కొద్ది నిమిషాల ముందు టీవీ చానళ్ళకి వచ్చిన బెదిరింపు ఈమెయిల్ నవీ ముంబయిలో ఒక ఇంటి వైఫై నుంచి వెళ్ళినట్టు తేలింది. ఆ ఇంట్లో అద్దెకున్న అమెరికా పౌరుడిని పోలీసులు ప్రశ్నించారు, ఆయన కంప్యూటర్లు తీసుకెళ్ళారు. మన కనెక్షన్ మీద ఎవరు ఏం చేసినా ఐపీ అడ్రస్ ముందు మన గుమ్మమే చూపిస్తుంది. గుండె ఆపరేషన్ అయిన మనిషి ఇంటికి పోలీసులు రావడం మంచిదా?

లెక్కల_మాస్టారు

ఓనర్ గారి భయం సరైనదే. మూణ్ణెల్ల లెక్క మాత్రం సరైనది కాదు. లెక్క చేసి చూపిస్తాను, కాస్త ఓపిగ్గా చదవండి.

వైఫైకి తాళం వేసే పద్ధతుల్లో ఇప్పుడు మన ఇళ్ళలో ఎక్కువగా ఉన్నది డబ్ల్యూపీఏ2, 2004లో వచ్చింది. ఫోను రౌటర్‌కి కలిసేటప్పుడు రెండింటి మధ్యా ఒక సంభాషణ జరుగుతుంది. వీధిలో నిలబడి దాన్ని పట్టుకున్నవాడు ఇంటికెళ్ళి తీరిగ్గా ఒక్కో పాస్‌వర్డ్ ఊహించి సరిపోయిందో లేదో చూసుకోవచ్చు. రౌటర్‌కి ఈ సంగతి తెలియనే తెలియదు. బ్యాంకు కార్డులా మూడు తప్పులకి లాక్ అయిపోవడం ఇందులో లేదు.

సెల్ నంబరు పది అంకెలు. మొదటిది 6, 7, 8, 9లో ఒకటి. అంటే మొత్తం 400 కోట్ల నంబర్లు. గేములాడే కుర్రాళ్ళు కొనే పెద్ద గ్రాఫిక్స్ కార్డు ఒకటి సెకనుకి సుమారు 10 లక్షల ఊహలు చూడగలదు. 400 కోట్లని 10 లక్షలతో భాగిస్తే 4,000 సెకన్లు. గంటా ఏడు నిమిషాలు! పక్కింటివాళ్ళకైతే ఆ శ్రమ కూడా లేదు, నాన్నగారి నంబరు వాళ్ళ ఫోన్లోనే ఉంటుంది.

ఇప్పుడు రెండో వైపు. పాచిక ఐదుసార్లు వేస్తే వచ్చే వరసలు 7,776. సరిగ్గా 7,776 మాటలున్న జాబితాలోంచి, ఒక్కో మాటకి ఐదుసార్లు పాచిక వేసి నాలుగు మాటలు తీసి పక్కపక్కన పెట్టామనుకోండి. అదే కార్డుకి అన్నీ చూడడానికి సుమారు 116 ఏళ్ళు. ఐదో మాట చేరిస్తే 9 లక్షల ఏళ్ళు. సగటున అందులో సగంలో దొరుకుతుందని పిల్లలకి చెప్పేవాడిని, ఇక్కడా అంతే.

కాబట్టి బలహీనమైనది మూణ్ణెల్లకి మార్చినా గంటలో పోతుంది. బలమైనది మార్చకపోయినా పోదు. మధ్యలో మూణ్ణెల్లకి చోటెక్కడుంది?

వనస్థలిపురం_ఓనర్

మాస్టారూ, మీ లెక్కలో తప్పు పట్టను. కానీ నా పాస్‌వర్డ్‌ని ఎవరూ గ్రాఫిక్స్ కార్డుతో పగలగొట్టలేదు. మేమే ఇచ్చాం. ఇచ్చినదానికి నాలుగు మాటలైనా నలభై మాటలైనా ఒకటే.

పుణె_తెలుగు (సెక్యూరిటీ ఉద్యోగం)

మాస్టారి వైపే నేనూ. దీనికి ఒక చరిత్ర ఉంది. పాస్‌వర్డ్‌లు తరచూ మార్చాలి, పెద్దక్షరం, అంకె, గుర్తు కలపాలి అనే సలహాకి పెద్ద ఆధారం అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2004లో వేసిన పత్రం. దాన్ని రాసిన బిల్ బర్ తానిచ్చిన సలహాలో చాలావాటికి చింతిస్తున్నానని 2017లో పత్రికతో చెప్పాడు. అదే ఏడు నిస్ట్ కూడా గడువు పెట్టి మార్పించవద్దని, బయటపడిందని తెలిస్తే మార్పించమని కొత్త మార్గదర్శకాలిచ్చింది. 2019లో మైక్రోసాఫ్ట్ కూడా విండోస్ భద్రతా సిఫారసుల్లోంచి పాస్‌వర్డ్ గడువుని తీసేసింది.

కారణం మనకీ అనుభవమే. మూణ్ణెల్లకోసారి మార్చమంటే మనిషి చివరన 1 తీసి 2 పెడతాడు. నాన్నగారి నంబరు పోయి అమ్మగారి నంబరు వస్తుంది, అంతే.

వనస్థలిపురం_ఓనర్

ఆ మార్గదర్శకాలు ఆఫీసులో ఒక మనిషికి ఒక పాస్‌వర్డ్ ఉన్నచోట సరిపోతాయి బాబూ. ఇంటి వైఫై అలాంటిది కాదు. ఒకే తాళంచెవి పదిమంది జేబుల్లో ఉంటుంది. పనిమనిషి, ట్యూషన్ పిల్లలు, పండక్కి వచ్చిన అల్లుడు, ఏసీ రిపేరుకి వచ్చినవాడు. బయటపడిందని తెలిస్తే మార్చమంటున్నారు. ఇక్కడ అది ఎప్పుడో బయటపడింది, మనకి తెలియలేదంతే.

పుణె_తెలుగు

ఈ మాట ఒప్పుకుంటున్నాను. పదిమంది పంచుకునే తాళానికి ఆ మార్గదర్శకం సూటిగా వర్తించదు, నేను తొందరపడి అతికించాను. అయినా దానికి మందు క్యాలెండర్ కాదంటాను. మనిషి వెళ్ళిన రోజు మార్చాలి. అద్దెవాళ్ళు జనవరి 5న ఖాళీ చేస్తే మార్చి 31 దాకా ఎందుకు ఆగాలి?

కరీంనగర్_ఫైబర్ (టెక్నీషియన్, 11 ఏళ్ళ సర్వీసు)

అందరూ ఒక పాస్‌వర్డ్ గురించే మాట్లాడుతున్నారు. డబ్బాలో రెండుంటాయి. ఒకటి వైఫైది. రెండోది రౌటర్ సెట్టింగుల పేజీది, 192.168.1.1 అని కొడితే అడుగుతుందే, అది. మేం ఇళ్ళకి వెళ్తే పదింట తొమ్మిది చోట్ల యూజర్ నేమ్ అడ్మిన్, పాస్‌వర్డ్ కూడా అడ్మినే. వైఫై ఎన్నిసార్లు మార్చినా ఇది అలాగే ఉంటే, ఒక్కసారి లోపలికి వచ్చినవాడు ఈ పేజీ తెరిచి డీఎన్ఎస్ మార్చేస్తాడు. మీరు కొట్టిన చిరునామాని ఏ సైటుకి తీసుకెళ్ళాలో అప్పటినుంచి వాడు చెప్తాడు.

2016లో మిరాయి అనే వైరస్ కెమెరాలని, రౌటర్లని లక్షల్లో పట్టుకుంది. అది చేసిన పనల్లా కంపెనీ నుంచి వచ్చిన అరవై చిల్లర యూజర్ నేమ్, పాస్‌వర్డ్ జతలని వరసగా ప్రయత్నించడమే. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి అందరికీ తెలిసిన డిఫాల్ట్ పాస్‌వర్డ్‌తో ఇలాంటి వస్తువులు అమ్మడమే చట్టవిరుద్ధం. మన దగ్గర మాత్రం నాలుగేళ్ళయినా అడ్మిన్, అడ్మిన్.

తెనాలి అక్కా, ముందు ఆ పేజీ పాస్‌వర్డ్ మార్చండి. తర్వాత డబ్ల్యూపీఎస్ అని ఉంటుంది, పాస్‌వర్డ్ కొట్టకుండా బటన్‌తోనో పిన్‌తోనో కలిపేది, ఆపేయండి. దాని పిన్ ఎనిమిది అంకెలే, అది కూడా రెండు ముక్కలుగా సరిచూసుకుంటుంది కాబట్టి 11,000 ప్రయత్నాల్లో తేలిపోతుందని 2011లోనే బయటపెట్టారు.

ఒక్క జాగ్రత్త. వెనకాల పిన్నుతో నొక్కే రీసెట్ జోలికి పోవద్దు. నొక్కితే ఆపరేటర్ పెట్టిన కనెక్షన్ యూజర్ నేమ్ కూడా చెరిగిపోతుంది, మళ్ళీ లైన్‌మన్ వచ్చేదాకా నెట్ ఉండదు. ఈ పని చేసి మాకు ఫోన్ చేసేవాళ్ళే ఎక్కువ.

గాజువాక_శ్రీవారు

ఇంత గొడవెందుకు? మ్యాక్ ఫిల్టర్ పెట్టేయండి. మన ఫోన్లని మాత్రమే రానిస్తుంది.

పుణె_తెలుగు

ఆ ఫిల్టర్ చూసేది మ్యాక్ అడ్రస్‌ని, అంటే ఒక్కో ఫోన్‌కీ ఉండే గుర్తింపు సంఖ్యని. అది గాలిలో బాహాటంగానే వెళ్తుంది, చూసినవాడు కాపీ చేసుకోవచ్చు. పైగా ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు ఒక్కో నెట్‌వర్క్‌కి ఒక్కో మారు అడ్రస్ వాడుతున్నాయి. ఫోన్‌లో నెట్‌వర్క్ సెట్టింగులు రీసెట్ చేస్తే అది మారిపోవచ్చు, అప్పుడు బయట ఆగేది తెనాలిలో ఉన్న ఆ అమ్మగారే.

తెనాలి_ఆడపడుచు

అందరికీ థాంక్స్. నా అసలు బాధ మాత్రం అలాగే ఉంది. మనిషి వెళ్ళిన రోజే మార్చాలంటే ఇంకా కష్టం. అమ్మ ఎవరికి ఎప్పుడిస్తుందో నాకు తెలియదు. ఇవ్వొద్దని చెప్పలేను. వాళ్ళిద్దరూ ఒంటరిగా ఉంటున్నారు, ఆ పై పోర్షన్ వాళ్ళే నాన్నని ఆ రాత్రి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. వాళ్ళ పిల్లాడికి వైఫై ఇవ్వనని అమ్మ ఎలా అంటుంది?

కరీంనగర్_ఫైబర్

ఇవ్వొద్దని చెప్పక్కర్లేదక్కా. వేరేది ఇవ్వండి. చాలా ఫైబర్ డబ్బాల్లో రెండు మూడు వైఫై పేర్లు పెట్టుకోవచ్చు. వస్తువులకి ఒకటి, మనుషులకి ఒకటి చేయండి. కెమెరాలు, టీవీ, సోలార్ డాంగిల్ ఉన్నదాని పాస్‌వర్డ్ అమ్మగారికి కూడా తెలియక్కర్లేదు. ఫోన్లకీ, వచ్చేపోయేవాళ్ళకీ రెండోది. ఎవరైనా ఖాళీ చేస్తే రెండోదే మారుస్తారు, కెమెరా కదలదు. గెస్ట్ నెట్‌వర్క్ అని విడిగా ఉంటే ఇంకా మంచిది, అందులో ఉన్నవాళ్ళు సెట్టింగుల పేజీ తెరవకుండా అడ్డుకునే వీలు ఉంటుంది.

వైఫై సిగ్నల్‌లో 2.4, 5 గిగాహెర్ట్జ్ అని రెండు రకాలుంటాయి. కెమెరాలు, డాంగిల్‌లు చాలావరకు 2.4 మీదే కలుస్తాయి. 5 మీద పెట్టి కలవడం లేదని కంగారుపడొద్దు.

లెక్కల_మాస్టారు

ఈ అబ్బాయి చెప్పింది నా లెక్క కంటే పనికొచ్చే మాట. ఒక చిన్న చేర్పు. మాటలు తెలుగువే ఎంచుకోండి కానీ ఇంగ్లీషు అక్షరాల్లో, అన్నీ చిన్నవే వాడండి. తెలుగు లిపిలో కొడితే చాలా రౌటర్లు తీసుకోవు. టీవీ రిమోట్‌తో పెద్దక్షరాలు, గుర్తులు వెతకడం నరకం. 8 నుంచి 63 అక్షరాల దాకా పెట్టుకోవచ్చు, పొడుగు చాలు. పాట పల్లవి, సామెత, ఊరి పేరు మాత్రం వద్దు, అవి ఊహించేవాడి జాబితాలోనూ ఉంటాయి.

తెనాలి_ఆడపడుచు

శనివారం వెళ్ళి వచ్చాను. మొత్తం మూడు గంటలు పట్టింది. సెట్టింగుల పేజీ నిజంగానే అడ్మిన్, అడ్మిన్‌తో తెరుచుకుంది, ఒళ్ళు జలదరించింది. మార్చాను. రెండు పేర్లు పెట్టాను. కెమెరాలు ఒక్కోటి పది నిమిషాల్లో కలిశాయి. సోలార్ డాంగిల్‌కే గంట పోయింది. దాని సొంత హాట్‌స్పాట్‌కి ఫోన్ కలిపి, కొత్త వైఫై వివరాలు అందులో ఎక్కించాలని చివరికి తెలిసింది. కనెక్టయిన జాబితాలో మా వస్తువులు కాక నాలుగు ఉండేవి. మార్చాక ఒక్కటీ లేదు.

మనుషుల పాస్‌వర్డ్ హాల్లో క్యాలెండర్ వెనక రాసి పెట్టాను.

వనస్థలిపురం_ఓనర్

బాగా చేశావమ్మా. కానీ క్యాలెండర్ వెనక రాస్తే అందరికీ ఇచ్చినట్టే. ఆ రెండోదాన్నైనా మూణ్ణెల్లకోసారి మార్చు. నేను మాత్రం నా పద్ధతి మానను, ఒకటో తారీకు అద్దెతో పాటు అదీ గుర్తుంటుంది.

తెనాలి_ఆడపడుచు

రెండోది మార్చడానికి ఇప్పుడు నాకేం భయం లేదండీ. ఎలా మార్చాలో నాన్నకి నేర్పించి వచ్చాను, నా ముందే ఒకసారి చేసి చూపించారు. వస్తువుల పాస్‌వర్డ్, సెట్టింగుల పేజీది, రెండూ ఒక కాగితం మీద రాసి బీరువాలో ఇంటి పత్రాల కవర్లో పెట్టాను. అన్నయ్యకి కూడా చెప్పాను. వచ్చే వారం పై పోర్షన్‌లోకి కొత్తవాళ్ళు దిగుతున్నారు.