అమ్మమ్మ అంగిలి మీద తెల్లపొర, పక్కన ఎర్రమచ్చ. ముక్క తీయించాల్సిందేనా?

జీడితోట కుర్రాడు:

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా, పలాస దగ్గర పల్లె. ఉద్యోగం హైదరాబాద్‌లో. సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు అమ్మమ్మ పన్ను నొప్పి అంటే ఫోన్ లైటు వేసి నోట్లోకి చూశాను. చూశాక పన్ను సంగతే మర్చిపోయాను.

అంగిలి మొత్తం తెల్లగా ఉంది. గంటసేపు బట్టలుతికితే వేళ్ళ చర్మం నానిపోతుంది చూడండి, అలా. అక్కడక్కడా చిన్న బుడిపెలు, ఒక్కో బుడిపె నడుమ ఎర్ర చుక్క. ఎడమవైపు కాస్త వెనగ్గా కందిగింజంత మచ్చ ఒకటి మాత్రం పూర్తిగా ఎర్రగా, నున్నగా ఉంది. రెండు బుగ్గల లోపలా పళ్ళు ఆనే చోట సన్నని తెల్లగీత కూడా కనిపించింది.

ఆవిడకి 71 ఏళ్ళు. పెళ్ళైన కొత్తలోనే అడ్డచుట్ట అలవాటైందట. తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా, నిప్పున్న కొసని నోటి లోపల పెట్టుకుని కాలుస్తారు. మా వైపు పెద్దవయసు ఆడవాళ్ళలో ఇంకా ఉంది. గాలికి నిప్పు ఆరదు, నుసి రాలదు, రెండు చేతులూ పనిలో ఉన్నా చుట్ట దాని దారిన అది కాలుతూ ఉంటుంది. అడిగితే "నొప్పి లేదురా. పచ్చిమిరపకాయ కొరికితే కొద్దిగా చురుక్కుమంటాది, అంతే. ఏభై ఏళ్ళ బట్టీ కాలుస్తన్నాను, ఏటయ్యింది?" అంటుంది.

మెడికల్ షాపులో బీకాంప్లెక్స్, పూతకి రాసే జెల్ ఇచ్చారు. పది రోజులు వాడినా ఏ మార్పూ లేదు. అత్తయ్య వేడి చేసిందంటుంది. టౌన్లో పళ్ళ డాక్టరుగారు "ముక్క తీసి పరీక్షకి పంపాలి" అనేసరికి అమ్మమ్మ కుర్చీలోంచి దిగి చెప్పులేసుకుంది. కత్తి తగిలితే పాకిపోతుందని ఊళ్ళో అందరూ అనే మాటే.

ఇందులో ఏది మామూలుది, ఏది భయపడాల్సింది? ముక్క తీయకుండా తెలుసుకునే దారి ఏమైనా ఉందా? ఫొటో జతచేశాను, ఆవిడకి తెలియదు, తెలిస్తే నన్ను చంపేస్తుంది.

బెజవాడ బుజ్జి:

టెన్షన్ పడకండి బ్రో. మా నాన్నగారికీ ఇలాగే నోరంతా తెల్లగా అయింది. ఆయన ఆస్తమాకి ఇన్‌హేలర్ పీలుస్తారు. డాక్టరు గుడ్డతో తుడిస్తే మీగడలా ఊడొచ్చింది. ఫంగస్ అన్నారు. చుక్కల మందు రెండు వారాలు వేశాం, ఇన్‌హేలర్ పీల్చిన ప్రతిసారీ నోరు పుక్కిలించమన్నారు, మళ్ళీ రాలేదు. మీరూ ముందు ఆ మందు వాడి చూడండి.

డాక్టరమ్మ:

తమ్ముడూ, నేను నోటి జబ్బుల డాక్టర్ని. ఫొటో చూసి రోగం పేరు పెట్టను, పెట్టకూడదు కూడా. కానీ మీ అమ్మమ్మ ఎవరి కుర్చీలోంచి దిగిపోయారో ఆ డాక్టరు సరైన మాటే చెప్పారు.

బుజ్జిగారి తుడుపు పరీక్ష మంచిదే, మేమూ మొదట చేసేది అదే. చుక్కల మందు సలహా మాత్రం ఇక్కడికి పనికిరాదు. గాజుగుడ్డతో తుడిస్తే ఊడొచ్చి కింద ఎర్రగా కనిపించేది చాలావరకు ఫంగస్. షుగరు ఉన్నవాళ్ళకి, ఇన్‌హేలర్ వాడేవాళ్ళకి, ఎక్కువ రోజులు యాంటీబయాటిక్స్ మింగినవాళ్ళకి వస్తుంది. రుద్దినా కదలకపోతే అది పైన పేరుకున్నది కాదు, లోపలి చర్మమే మందమెక్కిందని అర్థం. ఎందుకు ఎక్కిందన్నది అప్పుడు వెతకాలి. విరిగిన పన్ను అంచు రోజూ రాసుకున్నా తెల్లబడుతుంది, ఖైనీ నొక్కిపెట్టుకునే చోటా తెల్లబడుతుంది. పన్ను నొప్పికి మాత్ర మింగకుండా చిగురు పక్కన పెట్టుకుంటే అక్కడ కాలి తెల్లగా పొర లేస్తుంది. మీ అమ్మమ్మ అలాంటిదేమైనా చేశారేమో అడగండి, చాలామంది చేస్తారు. ఇవన్నీ కొట్టేశాక ఏ పేరూ సరిపోని తెల్లమచ్చకి ల్యూకోప్లేకియా అంటాం. మామూలుగా అయితే కారణం తీసేసి రెండు వారాలు ఆగుతాం. అప్పటికీ తగ్గకపోతే పరీక్ష.

బుగ్గల్లో గీత గురించి మర్చిపోండి. పైపళ్ళు కిందపళ్ళు కలిసేచోట బుగ్గ నలిగి పడే గీత అది. నాకూ ఉంది, అద్దంలో చూస్తే బహుశా మీకూ ఉంటుంది.

తెల్లటి అంగిలి మీద ఎర్ర చుక్కలు పొగ తాగేవాళ్ళలో చూసేవే. అంగిలిలో చిన్న చిన్న లాలాజల గ్రంథులుంటాయి, వేడికి వాటి నోళ్ళు వాచి అలా ఎర్రగా కనిపిస్తాయి. సిగరెట్టో బీడీయో మామూలుగా కాల్చేవాళ్ళలో ఇది సాధారణంగా క్యాన్సర్ దాకా పోదు, మానేస్తే కొన్ని వారాల్లో తగ్గుతుంది. అడ్డచుట్ట లెక్క వేరు. నిప్పూ పొగా రెండూ నేరుగా అంగిలికే తగులుతాయి. మిగతా చోట్ల అంగిలి మీద క్యాన్సర్ అరుదు, మీ వైపు అలా అనుకోవడానికి లేదు. మీ జిల్లా గురించే 1971లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ క్యాన్సర్‌లో ఒక అధ్యయనం అచ్చయింది. పల్లెల్లో 10,169 మంది నోళ్ళు తెరిపించి అంగిళ్ళు చూశారు. చదువుకునే రోజుల్లో మాకు ఆ పేపరు ఇస్తే, మన ఊళ్ళ గురించి డెన్మార్క్ డాక్టరు రాయాల్సి వచ్చిందా అని కాస్త సిగ్గేసింది కూడా.

ఇక ఆ కందిగింజ. నా కళ్ళు దాని మీదే ఉన్నాయి. తెల్లది పెద్దగా ఉంటుంది కాబట్టి అందరూ దాన్నే చూస్తారు. నేనూ అదే తప్పు చేశాను. పీజీలో ఉండగా సముద్రం పక్క పల్లెలో క్యాంపు పెట్టాం. అరవై దాటిన ఒకావిడ కదులుతున్న పన్ను పీకించుకోవడానికొచ్చింది. అంగిలి మీద తెల్లమచ్చ కనిపించగానే నేను హుషారుగా స్కేలు పెట్టి కొలిచి, కాగితం మీద బొమ్మ గీసి, మా సార్‌కి చూపించాను. ఆయన మాట్లాడకుండా ఆవిణ్ణి అరుగు మీదికి, ఎండలోకి తీసుకెళ్ళి కూర్చోబెట్టారు. గాజుగుడ్డతో అంగిలి అద్ది అద్ది ఉమ్ముతడి లేకుండా ఆరబెట్టారు. అప్పుడు కనిపించింది, తెల్లమచ్చ అంచున సగం గోరంత ఎర్రటి చోటు, ముఖమల్ గుడ్డలా. తడి మెరుపులో నాకది కనిపించనే లేదు. "చుట్ట కొస ఎక్కడ ఆనిస్తావమ్మా?" అని అడిగితే ఆవిడ నాలుకతో సరిగ్గా ఆ చోటే చూపించింది. రిపోర్టు వచ్చాక చూస్తే, నేను కొలిచిన తెల్లదాంట్లో ఉత్త మందమే. ఎర్రదాంట్లో క్యాన్సర్, మొదటి దశ.

కారణం తెలియని ఎర్రమచ్చలు నోట్లో తక్కువే వస్తాయి కానీ, వచ్చినవాటిని ముక్క తీసి చూస్తే కణాలు బాగా చెడినవో, క్యాన్సరో ఎక్కువ భాగం ఉంటాయి. తెల్లమచ్చలు చాలావరకు ఏళ్ళ తరబడి తెల్లమచ్చలుగానే ఉండిపోతాయి. తెలుపూ ఎరుపూ కలిసుంటే ఉత్త తెలుపు కన్నా భయం ఎక్కువ. అందుకే ఇక్కడ రెండు వారాలు ఆగమని కూడా చెప్పను. కట్టుడు పళ్ళు పెట్టుకుంటారా? పెట్టుకుంటే వాటి కింద కూడా అంగిలి ఎర్రబడుతుంది, అదైతే ప్లేటు ఆకారంలోనే ఉంటుంది.

వెళ్ళినప్పుడు ముక్క ఎక్కడినుంచి తీస్తారో అడగండి. ఎర్రచోటు వదిలేసి తెల్లదాంట్లోంచి తీస్తే రిపోర్టు బాగానే వస్తుంది, మనం మోసపోతాం. విశాఖలో కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) ఉంది, అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది.

గుంటూరు కారం వద్దు:

ముక్క తీయడం గురించి నేను చెప్తాను, నాకు తీశారు కాబట్టి. నాది లైకెన్ ప్లానస్ అనే నోటి జబ్బు. రెండు బుగ్గల్లోనూ తెల్లగీతలు, ముగ్గు వేసినట్టు ఒకదాన్నొకటి దాటుకుంటూ. మధ్యలో ఎర్రగా ఉండేది. ఆవకాయ సంగతి సరే, చారు తాగినా కళ్ళలో నీళ్ళు. తిరుగుబోతు గీతలు, ఓ నెల తగ్గి మళ్ళీ వస్తాయి.

మత్తు సూది కుట్టిన నొప్పే అసలు నొప్పి. తర్వాత బియ్యపు గింజ కన్నా కొంచెం పెద్ద ముక్క తీసి ఒక కుట్టు వేశారు. పది నిమిషాలు. మూడు రోజులు పెరుగన్నం, చల్లారిన ఇడ్లీ. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పమంటారు, మీ అమ్మమ్మ వయసుకి అది గుర్తుంచుకోండి.

పాత కాపు:

డాక్టర్లు ఏదైనా చెప్తారు. మా మేనమామకి నాలుక పక్కన పుండుంటే ముక్క తీశారు. మూడు నెలల్లో పోయాడు. అంతకుముందు తిరుగుతూనే ఉన్నాడు. నా మాటగా ఆలోచించుకోండి.

డాక్టరమ్మ:

మీ మేనమామగారి గురించి బాధగా ఉందండీ. ఒక్కటి అడుగుతాను. ముక్క తీసేనాటికి ఆ పుండు వచ్చి ఎన్నాళ్ళైంది?

పాత కాపు:

ఏడాదిన్నర.

డాక్టరమ్మ:

అదేనండీ. మా దగ్గరికి చివరికొస్తారు, మేం ముక్క తీస్తాం, తర్వాత జరిగేదంతా కత్తి ఖాతాలో పడుతుంది. తీసినందువల్ల పాకదు. తమ్ముడూ, ఆవిడ చుట్ట గురించి అరవకండి. అరిస్తే చాటుగా కాలుస్తారు. పొగాకు మాన్పించే ఉచిత నంబరు 1800-112-356, ఆవిడ చేత మీరే మాట్లాడించండి.

జీడితోట కుర్రాడు:

అప్‌డేట్ ఇవ్వడం ఆలస్యమైంది, సారీ.

తీసుకెళ్ళాం, విశాఖకి. క్యాన్సర్ అనే మాట ఎత్తలేదు, పన్ను పీకిద్దాం అని చెప్పాను. అబద్ధం కూడా కాదు, పన్నూ పీకారు. మాత్ర నలిపి పెట్టుకున్నావా అంటే లేదంది, లవంగం మాత్రం పెట్టుకుందట. కట్టుడు పళ్ళు లేవు. డాక్టరమ్మగారు చెప్పినట్టు "ఎర్రచోటు నుంచేనా అండీ?" అని అడిగితే అక్కడి డాక్టరు నన్ను ఎగాదిగా చూసి, రెండు చోట్ల నుంచీ తీస్తున్నాం అన్నారు.

రిపోర్టు: తెల్లదాంట్లో మందం తప్ప ఏమీ లేదు. ఎర్రదాంట్లో డిస్‌ప్లేసియా, మధ్యస్థం. క్యాన్సర్ కాదు కానీ కణాలు దారి తప్పడం మొదలైందన్నారు. ఆ భాగం మొత్తం తీసేశారు. మూడు నెలలకోసారి రమ్మన్నారు, మొదటిసారి వచ్చే నెల.

చుట్ట సంగతి. ఆ నంబరుకి ఫోన్ చేయించాను, అవతల అమ్మాయితో పావుగంట కబుర్లు చెప్పింది, ఎక్కువగా జీడిపంట రేటు గురించి. మొన్న వీడియో కాల్ చేస్తే అరుగు మీద కూర్చుని చుట్ట కాలుస్తోంది. నేను నోరు తెరిచేలోపే ఫోన్ దగ్గరికి తెచ్చి చూపించింది, నిప్పు బయటికుంది. "చూడరా, మానేశాను" అంటోంది.